ఓడమ్మ పలక

ఫిబ్రవరి 22, శనివారం. సాయంత్రం 4.20.

తాళం వేసింది వేసినట్టే ఉంది. కిటికీ ఊచలు చెక్కుచెదరలేదు. లోపల దీపపు కుందె నిలబడే ఉంది.

గోడ మాత్రం ఖాళీ.

మహాలక్ష్మి తాళంచెవి చేత్తో పట్టుకునే గుమ్మంలో కూలబడిపోయింది.

“ఓలమ్మో! అమ్మ నేదు! ఓడమ్మ తల్లి ఎల్లిపోనాది!”

పలాసలో డయాలసిస్ చేయించుకుని అప్పుడే ఆటో దిగిన ఆమె మొగుడు పెంటయ్య కొబ్బరిచెట్టుకి చేరబడి అలాగే నిలబడిపోయాడు. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది.

5.15కి టెక్కలి నుంచి పోలీసు జీపు వచ్చి ఆగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మాధవీలత దిగింది. వెనకే హెడ్ కానిస్టేబుల్ హరిబాబు.

మాధవీలత ఖాళీ గోడ దగ్గరికి నడిచింది. ఆ గోడ ఆమెకు కొత్త కాదు.

ఊరి పేరు ఓడగట్టు. సంతబొమ్మాళి మండలంలో, సముద్రానికి అరకిలోమీటరు ఎడంగా, జీడిమామిడి తోటలు ఆగిపోయి ఇసక మొదలయ్యే చోట ఉంటుంది. పంతొమ్మిదేళ్ల కిందట టెక్కలిలో బి.ఏ. చదివే రోజుల్లో హిస్టరీ లెక్చరర్ గౌరీశంకర్ మాస్టారు క్లాసు మొత్తాన్ని బస్సెక్కించి ఇక్కడికి తీసుకొచ్చారు. ఈ పెంకుటింటి గదిలో నేల మీద కూర్చోబెట్టారు. గోడ మీద రెండున్నర అడుగుల ఎత్తు చెక్క పలక. దాని మీద నీలం బట్ట కప్పుకున్న తల్లి. ఒళ్లో బిడ్డ. బిడ్డ గుప్పిట్లో చిన్న పిట్ట. ఏళ్ల తరబడి దీపాల మసి పట్టి ముప్పాతిక భాగం నల్లబడింది.

“ఈవిడ వయసెంతో చెప్పండి చూద్దాం” అన్నారు మాస్టారు.

అందరూ పలక వైపు తలెత్తారు.

“అయిదు వందల ఏళ్లు దాటింది. ఇటలీలో కొండ మీది ఓ చిన్న ఊళ్లో, పేరు తెలియని పెయింటర్ వేశాడు. అక్కడి మఠం చర్చిలో ప్రార్థన చేసే వేదిక మీద నిలబెట్టేవాళ్లు. అప్పుడు మూడు పలకలు. ఇది నడిమిది.”

మూడొందల ఏళ్లు అక్కడే ఉందట. తర్వాత ఫ్రెంచి సైన్యం వచ్చి ఆ మఠం మూయించింది. మూడు పలకల్నీ రంపంతో కోసి ముగ్గురికి అమ్మేశారు. నడిమి పలక మార్సెయ్ రేవులో ఓ వర్తకుడింటికి చేరింది. అతని మనవడు యానాంలో బట్టల వ్యాపారం పెడదామని దాన్ని పెట్టెలో పెట్టుకుని ఓడెక్కాడు. ఆ ఓడ యానాం చేరలేదు. తుఫానులో ఇక్కడే మునిగింది. పెంటయ్య ముత్తాతకు పలక ఇసకలో దొరికింది. ఆయన ఇంటికి తెచ్చి దీపం పెట్టాడు. ఓడలో వచ్చింది కాబట్టి ఓడమ్మ అన్నారు.

ఆ కథంతా వెతికి పట్టుకున్నది గౌరీశంకర్ మాస్టారే. ఇరవై రెండేళ్లు దాని వెంటే ఉన్నారు. సొంత జీతంతో ఫ్రెంచి నేర్చుకున్నారు. డ్రాయింగు బోర్డుతో వచ్చి గంటల తరబడి పలకను గీసుకునేవారు. ఎడమ పలక విదేశంలో ఓ మ్యూజియంలో ఉందని కనిపెట్టారు. అందులో దేవదూత రెక్క కొస తెగిపోయి ఉంది. ఆ కొస ఓడమ్మ పలక అంచున ఉంది.

ఆ రోజు బస్సులో తిరిగి వెళ్తూ మాధవీలత అనుకుంది, వెతికితే దొరకనిదంటూ ఉండదని. పోలీసు ఉద్యోగానికి రావడానికి కారణం ఎవరడిగినా ఆమె ఆయన పేరే చెప్పేది.

“తాళంచెవి ఎక్కడ పెడతావమ్మా?” మాధవీలత మహాలక్ష్మిని అడిగింది.

“ఇక్కడే మేడం. సూరులో.” మహాలక్ష్మి చెయ్యెత్తి చూపించింది. రెండు చేతుల వేళ్లూ బొబ్బలెక్కి ఉన్నాయి.

పలాస చుట్టుపక్కల జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు ఎవరివి చూసినా అంతే. పిక్క తొక్కులోంచి వచ్చే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. మాధవీలత చూసింది. నోట్‌బుక్‌లో రాసుకోలేదు.

“ఇల్లు ఎప్పుడు వదిలారు?”

“తొమ్మిదికి. మంగలోరం, శనోరం పలాస ఎల్తాం. నాలుగు దాటితేగాని రాం.”

“చెవి అక్కడుందని ఎవరికి తెలుసు?”

“మా అన్న కొడుకు ఢిల్లీబాబుకి తెలుసు. ధర్మారావు గారికి తెలుసు. మాస్టారికి తెలుసు. ఇంకెవులికీ తెల్దు.”

ముగ్గురు.

ధర్మారావు మాజీ సర్పంచి. ఊళ్లో సగం తోటలు ఆయనవే. తన స్థలంలో పెద్ద గుడి కట్టి ఓడమ్మను అక్కడికి మార్చాలని ఆయన పట్టు. జనవరిలో ఈ గుమ్మం ముందే మహాలక్ష్మితో గొడవపడ్డాడు.

“గొడవైంది. కాదన్ను” అన్నాడు ధర్మారావు. “గుడి కట్టీవోణ్ని నాను. దొంగతనం సేసి తెచ్చిన దేవతకి గుడి కట్టి ఎవులికి సూపించుకుంటాను?”

“ఈ రోజు ఎక్కడున్నారు?”

“టెక్కలి ఆర్డీవో ఆఫీసులో మీటింగు. పది నుంచి మూడు దాకా. రిజిస్టర్లో సంతకం ఉన్నాది, సూసుకోండి.”

హరిబాబు ఫోన్ చేసి కనుక్కున్నాడు. నిజమే.

ఢిల్లీబాబుకు ముప్పై ఏళ్లు. ఇదే ఊళ్లో పక్క వీధిలో ఉంటాడు. కాశీబుగ్గలో ఓ జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆ మధ్యాహ్నం ఒంటి గంటకు అతని బైకు ఈ ఇంటి ముందు చూశామని ఇద్దరు చెప్పారు.

“ఎందుకొచ్చావ్?”

“తోటలో మోటారు పాడైపోనాదని మావ సెప్పినాడు మేడం. ఆఫ్ డే లీవు పెట్టి వచ్చినాను. బాగుసేసి రెండుకి ఎల్లిపోనాను.”

“గది తలుపు తీశావా?”

“నేదు మేడం. తానం సెయ్యకుండా అమ్మ గదిలోకి ఎలగెల్తాను?”

మూడో వ్యక్తి, మాస్టారు, ఆరున్నరకు స్కూటర్ మీద వచ్చారు. రిటైరై ఆరేళ్లైంది. భార్య పోయాక టెక్కలిలో ఒక్కరే ఉంటున్నారు. ఖాళీ గోడ చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మాధవీలత కుర్చీ తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టింది. ఆయన్ని ఏమీ అడగలేదు. అడగాలని తోచనే లేదు.

“ఎల్లుండి ఢిల్లీ నుంచి డాక్టర్ ప్రమోదిని వస్తోందమ్మా” అన్నారు ఆయన. “పాత చిత్రాలు పరీక్షించే ఎక్స్‌పర్టు. ఎడమ పలక ఉన్న మ్యూజియం వాళ్లు పంపిస్తున్నారు. ఇప్పుడావిడకి ఏం చూపించను?”

“దొరుకుతుంది మాస్టారూ. నేను వెతికి తెస్తాను.”

ఆదివారమంతా చెక్‌పోస్టులు, లారీలు, పలాస రైల్వే స్టేషన్ పార్సిల్ ఆఫీసు తనిఖీ చేశారు. ఎక్కడా ఏమీ దొరకలేదు.

సాయంత్రం అయిదుకు మాస్టారు సర్కిల్ ఆఫీసుకు వచ్చారు. చాలాసేపు టీ తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

“మాధవీ, చెప్పాలో వద్దో తెలియడం లేదు.”

“చెప్పండి మాస్టారూ.”

“ఢిల్లీబాబు నెల రోజులుగా పలక ఫొటోలు తీస్తున్నాడు. అంగుళం అంగుళం. నన్ను కొలతలు కూడా అడిగాడు. సరదా అనుకున్నాను. వాళ్ల ఫ్యాక్టరీ లారీలు రోజూ రాష్ట్రాలు దాటుతాయి కదా. మంచివాడేనమ్మా. నా వల్ల వాడికి అన్యాయం జరక్కూడదు.”

6.10కి ఢిల్లీబాబును ఇంటి దగ్గర అదుపులోకి తీసుకున్నారు. పిల్లలిద్దరూ చూస్తుండగా జీపెక్కించారు. ఫోన్‌లో నలభై ఒక్క ఫొటోలు దొరికాయి.

“ఇవేమిటి?”

“మాస్టారే తీమన్నారు మేడం. పుస్తకం రాత్తన్నాను, పెద్ద ఫొటోలు కావాలన్నారు. ఆల్ల కంప్యూటర్లో ఎక్కించీసినారు.”

మాధవీలత టేబుల్ మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. “మాస్టారి పేరు మళ్లీ ఎత్తావంటే ఊరుకోను!”

ఢిల్లీబాబు తల వంచేసుకున్నాడు.

సోమవారం. ఉదయం 7.20.

మేనల్లుడికి టిఫిన్ క్యారేజీ పట్టుకుని మహాలక్ష్మి సర్కిల్ ఆఫీసు మెట్లెక్కింది. క్యారేజీ కుడిచేతిలో ఉంది. తలుపు నెట్టబోయి ఎడమచెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. “ఉష్” అంది.

“ఆదివారాలు కూడా జీడి పనికి వెళ్తావా?” మాధవీలత మామూలుగా అడిగింది.

మహాలక్ష్మి నొచ్చుకుంది. “నాను జీడి ముట్టకూడదు మేడం. ఓడమ్మ ఇంటి కోడలు జీడి ముట్టదు. ఆ సెయ్యి అమ్మకి తగిలితే రంగు తినీస్తాదని మా అత్త పెల్లైన దినమే ఒట్టేయించింది. పాతికేల్లైంది. ఒక్క పిక్కన్నా కొట్టనేదు.”

మాధవీలత లేచి నిలబడింది.

“మరి ఈ బొబ్బలు?”

“అమ్మకి కోపమొచ్చినాది. ఏ తప్పు సేసినానో.”

“చేతులు ఇలా చూపించు.”

కుడిచేతి మూడు వేళ్ల చివర చర్మం ఊడి, కింద లేత చర్మం వస్తోంది. ఆ బొబ్బలు వారం దాటినవి. ఎడమచేతి మూడు వేళ్లవి పచ్చిగా, నీరు పట్టి ఉన్నాయి. అవి రెండు మూడు రోజులవి.

“అమ్మను ఎప్పుడెప్పుడు తుడుస్తావ్?”

“సుక్కురోరం సుక్కురోరం. పసుపునీల్ల గుడ్డతో.”

“ఏ చేత్తో?”

“కుడిసేత్తోనే. మొన్న కుడిసెయ్యి మండిపోతాందని ఎడమసేత్తో తుడిసినాను.”

మాధవీలత గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది. 21 శుక్రవారం, ఎడమచెయ్యి. 14 శుక్రవారం, కుడిచెయ్యి.

“7వ తారీఖు తుడిచినప్పుడు ఏమైనా అయిందా?”

“ఏటీ అవ్వనేదు.”

“7కి, 14కి మధ్య మీరు ఇల్లు వదిలింది ఎప్పుడు?”

“11న మంగలోరం. పలాస ఎల్లాం.”

“ఆ రోజు ఇంటి దగ్గర ఎవరున్నారు?”

మహాలక్ష్మి ఒక పేరు చెప్పింది.

మాధవీలత చేతిలో పెన్ను ఆగిపోయింది. కిటికీ బయట టెక్కలి బస్ కాంప్లెక్సు నుంచి బస్సు హారన్ కొడుతోంది. తర్వాత ఆమె ఢిల్లీబాబు పనిచేసే ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. ఒకే ప్రశ్న అడిగింది. ఫోన్ పెట్టేసి హరిబాబును పిలిచి, మధ్యవర్తులుగా ఇద్దరు వీఆర్వోలను వెంటబెట్టుకుని సిద్ధంగా ఉండమంది. ఎక్కడికో చెప్పింది. హరిబాబు ఆమె మొహంకేసి చూసి, రెండోసారి అడగకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం 3.30. ఓడమ్మ గది ముందు అరుగు.

డాక్టర్ ప్రమోదిని వచ్చి అరగంటైంది. యాభై ఏళ్ల మనిషి. ఒడిలో కెమెరా పెట్టె పెట్టుకుని కూర్చుంది. పెంటయ్య నులకమంచం మీద. ధర్మారావు కుర్చీలో. మాస్టారు పక్కన. మహాలక్ష్మి గుమ్మం దగ్గర. ఊరు బయట నిలబడింది.

“మేడం, మీ కెమెరా ఏం చేస్తుంది?” మాధవీలత మొదలుపెట్టింది.

“మసి కింద, రంగు కింద ఉన్నది చూపిస్తుంది” అంది ప్రమోదిని. “చిత్రకారుడు మొదట గీసుకున్న గీతలు కనిపిస్తాయి. నకలైతే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.”

“ఈ సంగతి ఇక్కడ ఎవరికి రాశారు?”

“మాస్టారికి. ఇంగ్లీషులో.”

“ఊళ్లో ఎవరికి తెలుసు?”

ధర్మారావు తల అడ్డంగా ఊపాడు. “ఎవులో పెద్దావిడ సూడ్డానికి వత్తన్నారని మాస్టారు సెప్పినారు. కెమెరా మాట మాకు తెల్దు.”

మాధవీలత ముందుకు వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

“శనివారం ఇక్కడ పోయింది ఓడమ్మ కాదు. ఓడమ్మ అంతకు పదకొండు రోజుల ముందే పోయింది. శనివారం పోయింది నకలు.”

బయట కలకలం లేచింది.

“ఈ సాక్ష్యం శనివారమే నా కళ్ల ముందుకొచ్చింది. నేను పట్టించుకోలేదు. మహాలక్ష్మి వేళ్లు చూడండి. జీడి కాల్చిన బొబ్బలు. ఈమె జీడి ముట్టదు. మరి జీడి ఎక్కడ తగిలింది? 14న కుడిచెయ్యి, 21న ఎడమచెయ్యి కాలాయి. ఆ రెండు రోజులూ ఆ చేతులు తుడిచింది ఒక్కదాన్నే. గోడ మీది పలకని.”

మహాలక్ష్మి తన వేళ్లు చూసుకుంది.

“కొత్త బొమ్మ కొత్తగా కనిపిస్తుంది. వందేళ్ల దీపాల మసి కనిపించాలంటే పైన నల్లగా ఏదైనా పూయాలి. మన బోట్లకు పూసే జీడినూనెలో మసి కలిపి పూశారు. పైకి ఆరినట్టే ఉంటుంది. లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. పసుపునీళ్ల గుడ్డతో రుద్దేసరికి కాల్చేసింది. అంటే 7కి, 14కి మధ్య పలక మారింది. ఢిల్లీబాబు 10న ఫ్యాక్టరీ లోడుతో చెన్నై వెళ్లాడు. 13 రాత్రి వచ్చాడు. ధర్మారావు గారు 9 నుంచి 12 దాకా విశాఖలో కూతురి పురిటికి ఉన్నారు.”

ధర్మారావు అవునన్నట్టు తలూపాడు.

“11 మంగళవారం మామూలుగా ఆటోలో వెళ్లే పెంటయ్యకి ఒకరు కారు మాట్లాడి పెట్టారు. ‘ఎండలో ఆటోలో ఏం వెళ్తావు, హాయిగా కార్లో వెళ్లు, నేను ఇక్కడే కూర్చుని బొమ్మ గీసుకుంటాను’ అన్నారు. ఆయన చేతిలో గుడ్డ చుట్టిన డ్రాయింగు బోర్డు ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ బోర్డుతో ఆయన రావడం, పోవడం చూసి చూసి ఊరు ఆయన్ని గమనించడం మానేసింది. ఈ కెమెరా ముందు నకలు బయటపడుతుందని శనివారం ఆ బోర్డుతోనే వచ్చి దాన్నీ పట్టుకెళ్లారు, అదీ ఎవరికీ గుర్తు లేదు.”

ఆమె తల తిప్పి ఆయన వైపు చూసింది.

“చెప్పండి మాస్టారూ.”

గౌరీశంకర్ మాస్టారు నవ్వబోయారు. నవ్వు రాలేదు. “మాధవీ, నువ్వు నన్ను…”

అప్పుడే జీపు ఆగింది. 3.52. హరిబాబు, వీఆర్వోలు ఇద్దరూ కలిసి దుప్పటి చుట్టిన పలకను పసిబిడ్డను దించినట్టు దించారు.

“మాస్టారి పడగ్గదిలో దొరికింది మేడం. మంచానికి ఎదురుగా కుర్చీలో నిలబెట్టి ఉన్నాది. నీళ్లు కాసే పొయ్యిలో సగం కాలిన పనసచెక్క ముక్క కూడా ఉన్నాది. రంగు ఇంకా అంటుకునే ఉన్నాది, నకలుదే.”

దుప్పటి తీశారు. నీలం బట్ట. బిడ్డ. పిట్ట. ఒక మూల, అరచెయ్యంత మేర, మసి శుభ్రం చేసి ఉంది. అక్కడి నీలం మిట్టమధ్యాహ్నపు సముద్రంలా ఉంది. ప్రమోదిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మాస్టారి భుజాలు జారిపోయాయి.

“ఎవరికీ అమ్ముకోలేదు” అన్నారు. “ఒక్కరికీ చూపించలేదు. అమ్మేవాణ్ని కాదు మాధవీ, నీకు తెలుసు. రోజూ మసి. రోజూ పసుపు నీళ్లు. నా కళ్ల ముందే చచ్చిపోతోంది అది. ఇరవై రెండేళ్లు దాని వెంట తిరిగాను. దాని పుట్టుక నాకు తెలుసు, దాన్ని కోసిన రంపం నాకు తెలుసు. వీళ్లకేం తెలుసు? నా దగ్గర ఉంటే తప్పేంటి?”

మహాలక్ష్మి గుమ్మం దగ్గర్నుంచి లేచి వచ్చింది. ఏడవడం లేదు.

“ఆ కారు,” అంది. “ఆ దినం మా ఆయన ఏటన్నాడో తెల్సా మాస్టారూ? దారంతా మీ పేరే సెప్పుకుని మురిసిపోనాడు. సొంత అన్నదమ్ములు కూడా ఇలగ సూడరన్నాడు. అమ్మ ముందర మీ పేరున దీపం పెట్టినాను ఆ సందేల. అప్పటికి అమ్మే నేదు అక్కడ.”

మాస్టారు తల దించుకున్నారు.

“ఇరవై రెండేల్లలో ఒక్క దినం తలుపు ఎయ్యనేదు మీకు. కూకోమన్నాం. అన్నం పెట్టినాం. పాడైపోతన్నాది, తుడవొద్దు, దీపం దూరం పెట్టు అని ఒక్క ముక్క సెప్తే నాను మానీదాన్ని కాదా?”



“ఇంకొకటి చెప్పండి మాస్టారూ. ఢిల్లీబాబును ఎందుకు ఇరికించారు?” మాధవీలత అడిగింది. “పలక మీద ప్రేమ అన్నారు. సరే. ఫొటోలు మీరే తీయించుకుని, వాడి మీదే నాకు చెప్పారు. నా ఆఫీసుకు వచ్చి, నా టీ గ్లాసు పట్టుకుని చెప్పారు. నేను నమ్ముతానని తెలిసే కదా?”

“తెలుసు” అన్నారు మాస్టారు, వినీ వినపడకుండా.

ఆమె హరిబాబుకు సైగ చేసింది. జీపెక్కేటప్పుడు మెట్టు అందక మాస్టారు తూలారు. పంతొమ్మిదేళ్లుగా అలాంటప్పుడల్లా ముందుకు సాగిన చెయ్యి ఈసారి కదల్లేదు. హరిబాబు పట్టుకున్నాడు.

సాయంత్రం 5.05. సర్కిల్ ఆఫీసు.

ఢిల్లీబాబు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మాధవీలత స్వయంగా వెళ్లి అతని ఫోను, బైకు తాళాలు చేతికిచ్చింది.

“నువ్వు వెళ్లొచ్చు. పలక దొరికింది. మాస్టారే తీశారు.”

అతను ఆశ్చర్యపోలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“మేడం, ఒక్క మాట. మాస్టారు ఒక్క ముక్క సెప్తే నన్ను పట్టుకొచ్చీసినారు. నాను నిజం సెప్తే బల్ల మీద కొట్టినారు. మా గుంటలు సూత్తండగా జీపెక్కించినారు. ఆరి మాట మీకు ఎందుకు నిజమైంది, నా మాట ఎందుకు అవ్వనేదు?”

సమాధానం ఆమెకు తెలుసు. పైకి చెప్పగలిగేది కాదు.

“తప్పు నాదే ఢిల్లీబాబూ.”

“ఆ ముక్క మా ఈదిలోకి వచ్చి సెప్పండి మేడం” అన్నాడతను. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మాధవీలత కేస్ డైరీ తెరిచింది. 23వ తేదీ పేజీ తీసింది. ఢిల్లీబాబును అదుపులోకి తీసుకోవడానికి కారణం అన్న చోట ‘విశ్వసనీయ సమాచారం మేరకు’ అని నిన్న ఆమే రాసింది. ఆ పేజీ ముట్టుకోలేదు. కొత్త పేజీలో ఈ రోజు తేదీ వేసి మొదలుపెట్టింది.

‘ఢిల్లీబాబు నిన్న చెప్పిన మాటను నేను పరిశీలించలేదు. అతని మీద సమాచారం ఇచ్చిన వ్యక్తి నా గురువు. ఆ కారణంగా ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.’

కింద సంతకం చేసింది. డైరీ మూసి, టోపీ తీసుకుని బయటికొచ్చింది.

“ఓడగట్టు పోనియ్” అంది డ్రైవర్‌తో. “ఢిల్లీబాబు వాళ్ల వీధికి.”